చెఱకుదీవులలో మనవారు



1978వ సంవత్సరము చివర వెస్టిండీసు జట్టువారు క్రికెట్టు ఆడుటకై మన దేశమునకు వచ్చిరి. అప్పటికి నేను అమరమును ముగించి పంచకావ్యములు చదువుకొనుచున్న విద్యార్థిని. మా యూర రచ్చబండకడ ఒక రేడియో యుండెడిది. ఆట తెలిసినవారును తెలియనివారును దాని చుట్టు మూగి వినుచుండిరి. ఆ జట్టు నాయకుని పేరు ఆల్విన్ కాళీచరణ్. ఆ పేరు చెవినిబడగానే ఒక వృద్ధరైతు నావంక తిరిగి, “ఏం సామీ, ఆ దీవులు సముద్రాల కావల ఉండాయంటివే. ఆడికి మన కాళమ్మ పేరు ఎట్ల పోయె?” అని యడిగెను.

నాకు సమాధానము తోచలేదు. కాళీచరణశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పగలిగితిని. కాళికాదేవి పాదములను శరణుజొచ్చినవాడని యర్థము చెప్పితిని. కాని ఆ వృద్ధు డడిగినది అర్థము గాదు, దారి. ఆ పేరు ఏ దారిని పోయెనో నే నెఱుగనైతిని. అతడిప్పుడు లేడు. అతనికి బాకీపడిన యుత్తరమును ఈనాడు మీకు చెల్లించుచున్నాను.

కాళీచరణ్ దక్షిణ అమెరికాఖండపు ఉత్తరతీరమున నున్న గయానా దేశమువాడు. ఆతని పూర్వులు భారతీయులు. గయానా, ట్రినిడాడు, జమైకా, మార్టినీకు, గ్వాడెలూపు మున్నగునవి కరేబియను ప్రాంతపు సీమలు. మారిషస్ హిందూమహాసముద్రములోని దీవి. నేటాలు దక్షిణాఫ్రికాలోనిది. ఫిజీ పసిఫిక్ మహాసముద్రములోనిది. ఒకదాని కొకటి వేలక్రోసుల దూరమున నున్న యీ సీమలన్నిటిని మన దేశముతో ముడివేసిన పదార్థ మొక్కటి కలదు. అది చెఱకు.

చెఱకుతోటలలో మొదట చాకిరి చేసినవారు ఆఫ్రికానుండి బలాత్కారముగా తేబడిన బానిసలు. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వమును రద్దుచేయుచు శాసనము చేసెను. పని నేర్చుకొను గడువను నెపమున వారిని మఱికొన్నియేండ్లు తోటలకే కట్టివైచి, 1838లో పూర్తిగా విడిచిపెట్టిరి. విముక్తులైనవారు పాత యజమానుల తోటలలో వారిచ్చు కూలికి పనిచేయుటకు ఇచ్చగింపరైరి. అంతట తోటదొరల చూపు మన దేశముమీద పడెను. 1838 మే 5వ తేదీన విట్బీ, హెస్పెరస్ అను రెండోడలు కలకత్తానుండి కూలీలను గొనిపోయి గయానాలో దింపెను. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను నోడ ట్రినిడాడు చేరెను. ఫ్రెంచివారు 1848లో తమ దీవులలో బానిసత్వమును తొలగించి, 1853లో మార్టినీకునకును, 1854లో గ్వాడెలూపునకును మనవారిని చేర్చిరి. 1917వ సంవత్సరము వఱకు గయానాకు పోయినవారు సుమారు 2 లక్షల 39 వేలు. ట్రినిడాడునకు పోయినవారు సుమారు 1 లక్ష 44 వేలు. మారిషస్సునకు పోయినవారు నాలుగున్నర లక్షలు.

వీరిలో తెలుగువా రెవరు? కరేబియను ప్రాంతపు బ్రిటిషు సీమలకు పోయినవారిలో అత్యధికులు కలకత్తా రేవున నోడ యెక్కిన ఔత్తరాహులు. మదరాసునుండి పోయినవారు స్వల్పభాగము. ఫ్రెంచిదీవులకు మాత్రము పుదుచ్చేరి, కారైకాలు రేవులనుండి దాక్షిణాత్యులే విశేషముగా పోయిరి. ఆ దాక్షిణాత్యులలో అరవవారితోపాటు తెలుగువారును ఉండిరి. మారిషస్సునకు గోదావరీముఖమున నున్న కోరంగి రేవునుండి తెలుగువారు తొలినాళ్ళనే పోయిరి. 1839లోని ఘోరమైన తుపాను కోరంగిని ధ్వంసము చేసెను. రేవు నశించినను పేరు నశింపలేదు. మారిషస్సులో తెలుగువారిని కొరింగీలనియే పిలిచిరి. నేటాలునకు 1860 నవంబరు 16వ తేదీన చేరిన మొదటి యోడ ట్రూరో మదరాసునుండి బయలుదేరినదే. 1911 వఱకు నేటాలు చేరిన లక్షన్నర మందిలో సుమారు మూడింట రెండువంతులు మదరాసుమీదుగా పోయినవారు. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాటు జిల్లాలు తెలుగు కూలీలకు పుట్టినిండ్లు. నేటి చిత్తూరుసీమ నాడు ఉత్తరార్కాటులోనిదే.

మన యనంతపురపు మెరకకు సముద్రము బహుదూరము. అయినను సముద్రమునకు దూరమైనవారము కఱవునకు దూరమైనవారము గాము. 1876లో ధాతనామసంవత్సరమున రెండు ఋతువుల వానలును తప్పిపోయెను. అప్పటికి మనకు ప్రత్యేకముగా జిల్లా లేదు. బళ్ళారి జిల్లాలో నుంటిమి. 1882లో గదా మన జిల్లా యేర్పడినది. ధాతకఱవున చెఱువులు పగిలి పెంకులు దేలినవనియు, జనులు గడ్డిగింజలు దంచుకొని తినిరనియు మా యవ్వ తన పెద్దలవలన విని మాకు చెప్పుచుండెడిది. ఆ కఱవునందు సర్ రిచర్డు టెంపులు అను నధికారి, గోతులు త్రవ్వువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక యణాయును చాలునని నిర్ణయించెను. ఒక పౌను ధాన్యమనగా అరశేరుకు హెచ్చుగాదు. ఆ కూలితో పగలంతయు ఎండలో గడ్డపార యెత్తుట యెట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. గుత్తి, గుంతకల్లులమీదుగా మదరాసునకు పోవు రైలుమార్గము 1871 నాటికే పూర్తియై యుండెను. ఆ కాలమున మదరాసు రాజధానినుండి సింహళమునకును, చెఱకుదీవులకును పోవువారి సంఖ్య పెరిగెను. ఆకలిగొన్నవానికి “అక్కడ మూడుపూటల అన్నము” అను మాట యొక్కటి చాలును. కూలీలను పోగుచేయు మేస్త్రీలు ఆ మాటనే చెప్పిరి. తోట యెంత దూరమో, ఓడప్రయాణ మెన్నినెలలో చెప్పరైరి.

మదరాసు చేరినవానిని డిపోలో నుంచి, వైద్యునిచే పరీక్ష చేయించి, ఐదేండ్ల యొడంబడికపై వ్రేలిముద్ర వేయించెడివారు. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలయునని నిబంధన. ఉత్తరదేశమువారు ఆ యొడంబడికను, ఆంగ్లపదము నోట తిరుగక, గిరిమిట్ అనిరి. ఒక్కొక్కరి పేర నొక చీటి వ్రాయబడెడిది. అందు పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరముమీది గుఱుతులు ఉండును. ఎడమ మోకాలిపై మచ్చ, కుడిచెంపపై గాటు—ఇట్టివి.

పెద్దలారా, నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి, ప్రవేశపట్టికలను వ్రాసినవాడను. వానియందును ఇవే గడులు: పేరు, తండ్రిపేరు, కులము, గ్రామము, రెండు పుట్టుమచ్చలు. కాని ఒక భేదము కలదు. నా పట్టికలో విద్యార్థి ఇంటిపేరు మొదట వ్రాయుదును. ఓడచీటిలో ఇంటిపేరునకు గడియే లేదు. తెలుగువానిని తెలుగువాడు గుర్తించునది ఇంటిపేరుచేత. ఎవరివాడవని యడిగిన ఇంటిపేరు చెప్పుదుము. దానినిబట్టియే వావి, వరుస, గోత్రము తెలిసికొందుము. అప్పన్న, రామన్న, వెంకటస్వామి యను పేర్లు ఊరికి పదేసి యుండును. ఆ చీటి వ్రాసిన గుమాస్తాకు కావలసినది పారిపోయిన కూలీని పట్టుకొనుటకు ఉపకరించు మచ్చ. వాని వంశము గాదు. తండ్రిపేరో, తనపేరో, కులబిరుదమో పరదేశమున ఇంటిపేరుగా స్థిరపడెను. దక్షిణాఫ్రికాలో నాయుడు అను బిరుదము వేలకుటుంబముల ఇంటిపేరైనది ఇట్లే.

ఓడ కరేబియను తీరము చేరుటకు సుమారు మూడుమాసములు పట్టెడిది. అంతకాలము ఒక్క కప్పుక్రింద పండుకొని, ఒక్క కాగులోనిది తినినవారికి కులభేద మెట్లు నిలుచును? ఒక యోడలో వచ్చినవారు ఒండొరులను ఓడతమ్ములుగా భావించి, వారి బిడ్డలు పెండ్లియాడకూడని తోబుట్టువులని యెంచిన కుటుంబములును కలవు. బంధువు లెవ్వరును లేనివారు బంధుత్వమును ఇట్లు కల్పించుకొనిరి. నూతనదేశమున స్థిరపడుటకు అదియే మొదటి మెట్టు.

తోటలో జీవితము సుకరము గాదు. నేటాలులో మొదటియేడు నెలకు పది షిల్లింగులు, ఆపై ఏటేట నొక షిల్లింగు హెచ్చు. అనుమతిలేక తోట దాటినవానికి జరిమానా, చెఱసాల. గడువు తీఱిన పిమ్మటను కూలీగా నుండక స్వతంత్రముగా బ్రతుకగోరినవానిపై 1895నాటి శాసనము ఏటికి మూడుపౌనుల పన్ను విధించెను. గాంధీమహాత్ముడు 1913లో నడపిన సమ్మెవలన ఆ పన్ను మఱుసటియేడు తొలగెను. ఆ సమ్మెలో చెఱకుతోటల నుండియు, బొగ్గుగనుల నుండియు వెలికివచ్చి నడచినవారిలో మన దక్షిణదేశపు కూలీలు వేలకొలది యుండిరి.

ఇక గయానా, ట్రినిడాడుల స్థితి వేఱు. అక్కడ మన దక్షిణాదివారు కొలదిమంది, భోజపురీ హిందీ మాటలాడువారు పెక్కుమంది. అరవవాడైనను, తెలుగువాడైనను అందఱికిని మదరాసీ యను నొక్కటే పేరు. తెలుగు తెలిసిన రెండిండ్లవారు ఒక తోటలో నుండుట యరుదు. తల్లి పిల్లలతో తెలుగున మాటలాడినను, ఆ పిల్లలు తెలుగు మాటలాడుటకు మఱియొక పిల్లవాడు దొరకవలయును గదా. రెండుమూడు తరములలో భాష జాఱిపోయెను. జాఱిపోనిది అమ్మవారు. గయానాలోని మదరాసీలు నేటికిని మారియమ్మను వేపమండలతో, తప్పెటమ్రోతతో, కరగముతో కొలుచుచున్నారు. ఆమెను కాళీమాయి యనియు పిలుతురు. మన పల్లెలో మారెమ్మజాతర చూచినవారు ఆ పూజను చూచిన, భాష తెలియకపోయినను పూజ తెలియును. గ్వాడెలూపు, మార్టినీకు దీవులలో మసాలాతో వండు కూరను కొలొంబో యందురు. అది దక్షిణదేశపు కుళంబే యని చెప్పుదురు. అక్షరములు పోయినచోట దేవతయు, వంటయు నిలిచినవి.

అక్కడి నేల విషయము మన మెరకవారు వినదగినది. గయానాలో జనులు వసించు తీరము సముద్రపుటెత్తుకంటె పల్లముగా నుండును. పూర్వము డచ్చివారు కట్టిన కట్టలును, కాలువలును సముద్రమును ఆపుచున్నవి. మనము నీటికై మొగులువంక చూచుచుందుము. అక్కడివారు నీటిని బయటికి తోడుటకై పాటుపడుదురు. ఆ బురదనేలలో భారతీయులు వరి నాటి, వరిసేద్యమును ఆ దేశపు ముఖ్యవృత్తులలో నొకటిగా చేసిరి. ట్రినిడాడులో 1869 నుండి కొంతకాలము, తిరుగుప్రయాణపు హక్కును వదలుకొన్నవానికి ప్రభుత్వమువారు పదియెకరముల భూమి నిచ్చిరి. స్వగ్రామమున సెంటుభూమి లేనివానికి పదియెకరములు! అతడు తిరిగి రాలేదని నిందించువారు ముందుగా తమ గ్రామమున అతని కేమి యుండెనో చెప్పవలయును.

భూమి దొరకినను హక్కు వెంటనే దొరకలేదు. గ్వాడెలూపులో పుట్టిన మనవారి బిడ్డలను ఫ్రెంచి ప్రభుత్వము చిరకాలము పౌరులుగా నంగీకరింపలేదు. అక్కడనే పుట్టిన హెన్రీ సిదంబరం అను నతడు 1904లో న్యాయస్థానమున వ్యాజ్యమాడెను. 1923 నాటికిగాని వారికి పౌరసత్వము సిద్ధింపలేదు. పందొమ్మిదియేండ్ల పోరాటము!

ఇట్లు పోయినవారిలో స్వదేశమునకు తిరిగివచ్చినవారును చాలమంది కలరు. ఇక్కడ పండితకులమున చదివినవాడనగుటచే నేను తల వంచుకొని చెప్పవలసిన మాట యొకటి కలదు. బౌధాయనధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో లెక్కించినది. నేనును గురుముఖమున దానిని చదివినవాడనే. ఆ వాక్యమును చదువనివారు సైతము దానిని అమలుపఱచిరి. పదేండ్లు కూడబెట్టిన కాసులతో తిరిగివచ్చినవానిని పెక్కుచోట్ల కులము చేర్చుకొనలేదు. చేర్చుకొన్నచోట ప్రాయశ్చిత్తమని, విందు లని, తెచ్చిన సొమ్మంతయు హరించిరి. పరదేశమున కులాంతరవివాహము చేసికొన్నవాని భార్యను, బిడ్డలను గడప త్రొక్కనీయలేదు. 1920 తరువాత కలకత్తాకడ మటియాబురుజు అను చోట ఇట్టివారు వందలకొలది చేరి, తిరిగి గయానాకో, ట్రినిడాడునకో, ఫిజీకో తమ్ము పంపుడని అధికారులను వేడుకొనిరి. పుట్టినయూరు తమది గాదని తెలిసికొన్నపిదప వారికి చెఱకుతోటయే స్వదేశమైనది. వారు అక్కడ స్థిరపడుట వారి సాహసమువలననే గాదు, మన కాఠిన్యమువలనను జరిగినది.

ఒడంబడిక కూలిపద్ధతిపై గోఖలే శాసనసభలో 1910లోను 1912లోను తీర్మానములు తెచ్చెను. 1917లో క్రొత్తగా మనుష్యులను పంపుట ఆగిపోయెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన యొడంబడికలును రద్దయ్యెను. అక్కడక్కడ మిగిలినవారు తమకు తామే పాఠశాలలను, సభలను కట్టుకొనిరి. దక్షిణాఫ్రికాలో ఆంధ్రమహాసభ 1931లో నేర్పడెను. ఫిజీలో దక్షిణభారత ఆంధ్రసంఘము 1941లో స్థాపింపబడెను. మారిషస్సులోని తెలుగువారు రామభజనమును, సింహాద్రి యప్పన్న పూజను తరతరములుగా కాపాడుకొనిరి. ఆ దేశమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. ప్రాథమికపాఠశాలలలో తెలుగు బోధింపబడుచున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి. దక్షిణాఫ్రికా 1996లో వ్రాసికొన్న రాజ్యాంగమునందు, గౌరవింపవలసిన భాషలలో తెలుగును పేరెత్తి చెప్పినది. పది షిల్లింగుల కూలీలుగా పోయినవారి భాషకు ఒక దేశపు రాజ్యాంగమున స్థానము కలుగుట అల్పవిషయము గాదు. గయానాలో మే 5, ట్రినిడాడులో మే 30 పూర్వులు తీరము చేరిన దినములుగా పండుగ చేసికొనబడుచున్నవి. పోర్టులూయిస్ నగరమున కూలీలు దిగిన మెట్లను, కొట్టములను 2006లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి. మారిషస్సులోని మహాత్మాగాంధీసంస్థలో ఆ కూలీల చీటీలును, పట్టికలును భద్రపఱుపబడియున్నవి. వారి మనుమలు, మునిమనుమలు ఆ కాగితములు చేతబట్టి మన దేశమునకు వచ్చి, “ఈ గ్రామ మెక్కడ?” అని యడుగుచున్నారు.

ఇంతవఱకు చెప్పినది పాతకథ. ఇది మనకేలయని మీరడుగవచ్చును. మన జిల్లాలో ఏటికి సగటున 22 అంగుళముల వాన. అదియును సకాలమున గురియదు. 1952లో మన సీమయందు గంజికేంద్రములు పెట్టిన సంగతి మీలో పెద్దవారికి జ్ఞాపకముండవచ్చును. వేరుసెనగ పోయినయేడు బెంగుళూరునకు, కేరళమునకు, గల్ఫుదేశములకు మనవారు నేడును పోవుచున్నారు. ఓడ బదులు బస్సో, విమానమో. మేస్త్రీ మాత్రము నేడును మేస్త్రీయే.

నా సంగతి యొకటి చెప్పి ముగించెదను. నేను పనిచేసిన యొకానొక బడిలో ఒక బాలుడు తలిదండ్రులతో బెంగుళూరుసీమకు వలసపోయెను. దినములు గడచెను. నియమము ప్రకారము ఎఱ్ఱసిరాతో అతని పేరు కొట్టివేసి, “వలసపోయెను” అని వ్రాసితిని. మఱుసటి సంవత్సరము శ్రావణమాసమున వాడు పలక చంకబెట్టుకొని వచ్చి గడపకడ నిలిచెను. నేను పట్టిక చూచి, “నీ పేరు లేదురా, మీ నాయనను పిలుచుకొని రా” అంటిని. వాని తండ్రి ఇంకను తిరిగిరాలేదు. వాడు అవ్వకడ నుండుటకు వచ్చెనట. ఆ సంగతి నాకు తరువాత తెలిసినది. వాడు మఱల రాలేదు. నా పట్టికలో వాని ఇంటిపేరు కలదు, పుట్టుమచ్చలు రెండును కలవు. వాని మోకాలిమీది మచ్చ సంగతి యెఱిగియు వానిని గడప దాటనీయనివాడను నేను. మటియాబురుజు సంగతి చదివినప్పుడెల్ల ఆ గడప నా కన్నులకు కట్టును.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము. మీ యూరినుండి పోయినవారి పేర్లు ఒక పుస్తకమున వ్రాయుడు: ఇంటిపేరు, పేరు, ఏ యేడు, ఏ యూరు. బడిపిల్లవాని చేతనైన వ్రాయింపవచ్చును. ఓడచీటిలో లేని గడి మీ పుస్తకమున నుండవలయును. ఎన్నడైన నొక పరదేశీయుడు పాతకాగితము పట్టుకొని వచ్చి, రాని తెలుగున తాత పేరు చెప్పిన, మాకు తెలియదని పంపివేయక, కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, ముసలివారిని పిలిపింపుడు. మఱియు పొరుగుసీమనుండి జాతరకో, ఉగాదికో తిరిగివచ్చిన మన కూలీని, ఇన్నాళ్ళు ఎక్కడ నుంటివని నిలదీయుటకు ముందు, ఎప్పుడు వచ్చితివని యడుగుడు. వాని బిడ్డ బడిగడపకడ నిలిచిన, లోనికి పిలువుమని పంతులుతో చెప్పుడు.

రచ్చబండకడ ఆ వృద్ధరైతు నన్నడిగిన ప్రశ్నకు ఉత్తర మిది: కాళమ్మ పేరు ఆకలిగొన్నవారి వెంట ఓడ యెక్కి పోయినది. వారిని మనము మఱచితిమి; ఆమె మఱువలేదు.